ఒంటి తీగ మీద హంసధ్వని: పాత చెక్కలతో ట్రోంబా మరీనా

ఆదివారం

ఈసారి చేస్తున్న వాద్యం ట్రోంబా మరీనా. మనిషెత్తు ఉంటుంది, తీగ ఒక్కటే, మెట్లు ఉండవు. తీగను వేలితో నొక్కడం కూడా లేదు. ఎడమచేతి బొటనవేలిని తీగకు ఊరికే ఆనిస్తారు, కుడిచేత్తో కమాను గీస్తారు. యూరప్‌లో 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇది వాడుకలో ఉంది. 1547లో గ్లారియానస్ అనే స్విస్ పండితుడు దీన్ని వివరంగా వర్ణించాడు. కన్యాస్త్రీల మఠాల్లో బాకా ఊదాల్సిన చోట దీన్ని వాయించేవారట. జర్మన్లు దీన్ని కన్యాస్త్రీల ఫిడేలు అని కూడా పిలిచారు.

చెక్కపెట్టెకు బాకా గొంతు రావడానికి రెండు కారణాలున్నాయి. మీటలు లేని పాతకాలపు బాకా ఏ స్వరాలు పలుకుతుందో ఈ తీగా అవే పలుకుతుంది. మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అలా పూర్ణాంకాల వరసలో వచ్చే హార్మోనిక్స్ తప్ప మరేవీ దీనిలో లేవు. ఇక రెండోది బ్రిడ్జి, అంటే తీగను పైకెత్తి మోసే చెక్క. దాని రెండు కాళ్లలో ఒకటి గట్టిగా నిలబడుతుంది. రెండోది పైపలకను తాకీ తాకనట్టు ఉండి, తీగ కదిలినప్పుడల్లా పలకను టపటపా కొడుతుంది. ఆ జిర్రుమనే నాదంలోనే ఇత్తడి గొంతు ఉంది. ఈ బ్రిడ్జిని నా చేత్తో చెక్కి, అది పలికే క్షణం వినాలని చాలాకాలంగా కోరిక.

కొత్త చెక్క కొనకుండా చేయాలన్నది పెట్టుకున్న షరతు. వీణ కుండను పనసదుంగలోంచి తొలుస్తారు, ఫిడేలు పలకల్ని ఉబ్బెత్తుగా చెక్కుతారు. వాటికి ఎంచి తెచ్చిన చెక్క కావాలి. దీనికి మూడు చదును పలకలు, ఒక మెడ చాలు. పాత సామానులో దొరకనిదేమీ లేదు.

కాగితం మీద గీసుకున్న కొలతలు: బుర్ర 12 సెం.మీ., మెడ 50, పెట్టె 112. మొత్తం 174 సెం.మీ. పెట్టె అడుగు నుంచి 12 సెం.మీ. ఎత్తులో బ్రిడ్జి. అంటే తీగ పలికే పొడవు సరిగ్గా 150 సెం.మీ. పైపలక వెడల్పు అడుగున 26, మెడ దగ్గర 8. అడ్డంగా కోసి చూస్తే పెట్టె త్రిభుజం: ముందు పైపలక, వెనక రెండు పక్కపలకలు. అడుగున పక్కపలక వెడల్పు 18.4 సెం.మీ. పెట్టుకున్నాను. అలా పెడితే వెనక మూల లంబకోణం అవుతుంది. మూలమట్టంతో సరిచూసుకుంటూ అతికించొచ్చు, వేరే అచ్చు అక్కర్లేదు. అడుగు మూయరు, తెరిచే ఉంచుతారు. శబ్దం అక్కడినుంచే బయటికి వస్తుంది.

బుధవారం

చెక్క ఏరడం. పైపలకకు సరుకు రవాణా ప్యాలెట్ల చెక్క. ఎక్కువగా పైన్ జాతి, తేలిక, నార తిన్నగా ఉంటుంది, పైపలకకు కావలసిన గుణాలివే. ప్యాలెట్ మీద ముద్ర చూడకుండా చెయ్యి వేయొద్దు. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఎగుమతి ప్యాలెట్ మీద పురుగు చావడానికి ఏం చేశారో ముద్ర వేస్తారు. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించినది. చిత్రిక పట్టి, రుద్ది, ఆ పొడి పీల్చుకుంటూ చేసే పని ఇది. ఎంబీ ముద్ర ఉన్నవి, అసలు ముద్రే లేనివి పక్కన పెట్టేశాను.

మిగిలినవాటిలో నా లెక్క ఇలా ఉంది. పలక కొస వైపు తిప్పి చూస్తే వయసు వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండాలి. అడ్డంగా, బోర్లించిన గిన్నెలా ఉన్నవి తేమకు వంకరపోతాయి. ముడి ఉండకూడదు. రెండు వేళ్లతో ఒక అంచు దగ్గర వేలాడదీసి వేలి కణుపుతో కొడితే ఠంగుమనాలి. ఒకే ప్యాలెట్‌లోని పలకలు కూడా ఒకేలా మోగవు. ఒకటి మొద్దుగా టక్కుమని ఆగిపోతుంది, దాని పక్కదే ఒక క్షణం పాటు మోగుతూ ఉంటుంది. మోగిన రెండూ తీసుకున్నాను, నాకు కావలసినవీ రెండే.

పక్కపలకలకు పాత బీరువా తలుపులోని టేకు పలక, మెడకు పాత గుమ్మం ముక్క. గుమ్మం చెక్క బరువే గానీ పూర్తిగా చేవ. ఎన్నో ఏళ్లు ఎండీ తడిసీ ఇక కదలడం మానేసిన కర్ర.

శనివారం

మేకులు తీయడం పూర్తి. తీశాక కూడా పలక అంతటా అయస్కాంతం ఆడించి చూశాను. లోపల విరిగిపోయిన మేకు కొస ఒక్కటి చాలు చిత్రిక ఆకు పోవడానికి.

పైపలకకు రెండు పలకలు ఎలా సరిపోయాయో చెప్పాలి. పలక వెడల్పు 9 సెం.మీ.కు కాస్త ఎక్కువ, మందం 2 సెం.మీ. పొడవు 120, అంటే పెట్టెకు సరిపోయి ఇంకా మిగులుతుంది. ఒక పలకను 8 సెం.మీ.కు తగ్గించి నడుమ పెట్టాను. రెండోదాన్ని ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా కోస్తే రెండు పొడుగాటి మొలలు వచ్చాయి. ఒక కొస 9 సెం.మీ., రెండో కొస సున్నా. వాటిని నడుమ పలకకు చెరోవైపు అతికిస్తే అడుగున 26, పైన 8. వాటిలో రంపం కోసిన అంచు బయటికి, మొదటి నుంచీ ఉన్న తిన్నని అంచు నడిమి పలక వైపు ఉండాలి. అప్పుడు మూడు ముక్కల్లోనూ నార ఒకే దిక్కుకు నడుస్తుంది. అటుదిటైతే అతుకు దగ్గర నార మలుపు తిరుగుతుంది, పలక అక్కడే బలహీనపడుతుంది.

అతికే ముందు ఒక్కో ముక్కను మందంలో నిలువునా చీల్చాలి. రంపం పని అంతటిలోకీ కష్టమైనది ఇదే. నాలుగు అంచుల మీదా గీత గీసుకుని, ఒక మూల నుంచి కొంచెం, తిప్పి ఎదురు మూల నుంచి కొంచెం కోస్తూ పోతే రంపం గీత దాటదు. ఒక్కోటి 7 మి.మీ. దగ్గర వచ్చింది. ఇప్పుడు చిత్రిక.

పైన్ చెక్క చిత్రికకు లొంగే తీరు టేకులో ఉండదు. ఆకు పదునుగా ఉంటే పొర ఉల్లిపొరలా, చదివే కాగితం కన్నా పలచగా, పలక పొడవునా తెగకుండా చుట్టలు తిరుగుతూ లేస్తుంది. పొర తెగిందంటే అక్కడ నార దిశ మారిందని అర్థం, ఎదురు వైపు నుంచి పట్టాలి. గది నిండా పైన్ బంక వాసన, నిమ్మ ఛాయ ఉన్న అడవి వాసన. సరుకు మోసి పారేసిన చెక్క లోపల ఇంత తాజాదనం ఉండటం నాకు ప్రతిసారీ సంతోషమే.

మంగళవారం

పక్కపలకలు. టేకు పలక వెడల్పు 25 సెం.మీ. ఒక్క ఏటవాలు కోతతో రెండూ వచ్చాయి: ఒకదాని వెడల్పు కొస దగ్గరే రెండోదాని సన్నకొస. 18.4, 5.7 కలిపితే 24.1, మిగిలినది రంపానికీ చిత్రికకూ. మందం 8 మి.మీ. ఒక పలక రెండోదాని అంచు మీద కూర్చుంటుంది కాబట్టి రెండోది ఆ 8 మి.మీ. మేర సన్నగా ఉండాలి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికే అంచుల్ని అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాసి బిగించాను. ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. వెనక మూల లోపలివైపు పొడవునా త్రికోణపు బద్ద అంటించాను. ఇప్పుడు చూడటానికి దోనెలా ఉంది.

గురువారం

మెడ. పెట్టె సన్నకొసలోకి 10 సెం.మీ. దూరేలా గుమ్మం ముక్కను మొలలా చెక్కి, జిగురు పెట్టి, అడ్డంగా రెండు చెక్క సీలలు కొట్టాను. మెడ వీపు గుండ్రం, ముందుభాగం చదును.

శనివారం

పైపలక మందం తగ్గించడం. అంచుల దగ్గర 3.5 మి.మీ., బ్రిడ్జి వచ్చే చోట 4. ఇంకా పలచన చేస్తే ఎక్కువ మోగుతుంది గానీ, ఎంత బరువు మోయాలో ముందు లెక్క చూడాలి. 2 మి.మీ. నైలాన్ తీగను 150 సెం.మీ. పొడవులో 65.4 హెర్ట్‌జ్‌కు శ్రుతి చేస్తే దాదాపు 14 కిలోల లాగుడు. బ్రిడ్జి ఎత్తు 4 సెం.మీ., దాని వెనక 12 సెం.మీ. దూరంలో తీగ పలకలోకి దిగిపోతుంది. ఆ వంపు వల్ల బ్రిడ్జి మీద కిందికి పడే బరువు 5 కిలోలకు కాస్త తక్కువ. అదంతా గట్టికాలి మీదే పడుతుంది. కదిలే కాలికి అందులో వాటా ఉండకూడదు.

అందుకని అడ్డబద్దలు రెండే వేశాను. ఒకటి గట్టికాలి కిందుగా, పలక మధ్య నుంచి కుడి అంచు దాకా. ఇంకొకటి పైన, మెడకు దగ్గరగా. కదిలే కాలు కొట్టే ఎడమ భాగాన్ని బద్ద లేకుండా వదిలేశాను, అక్కడ పలక స్వేచ్ఛగా ఊగాలి. తీగ ముడి పడే అడుగు భాగంలో మాత్రం లోపలివైపు టేకు ముక్క అంటించి, దాని గుండా బెజ్జం వేశాను.

పక్కపలకల పై అంచుల్ని 45 డిగ్రీల వాలుకు చిత్రిక పట్టి పైపలక అతికించాను. క్లాంపులు చాలవు, పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా చీల్చి పెట్టె చుట్టూ బిగించి చుట్టాను. త్రిభుజపు పెట్టెకు ఇంతకన్నా మంచి క్లాంపు లేదు. ఒత్తిడి పొడవునా అతుకులున్న మూలల మీదే పడుతుంది.

సోమవారం

విప్పి తట్టాను. అడుగు తెరిచే ఉంది కదా, పైపలక మీద వేలితో కొడితే శబ్దం కాళ్ల దగ్గర వినిపిస్తుంది. లోతుగా, గుండ్రంగా ఉంది.

తీగను చుట్టి బిగించే బిరడ పాత రోజ్‌వుడ్ ముక్కలోంచి. కొస వైపు సన్నబడేలా రుద్ది, బెజ్జాన్ని కూడా అదే వాలుకు తిప్పి, సుద్దా సబ్బూ రాశాను. సబ్బు తిరగనిస్తుంది, సుద్ద జారనివ్వదు.

తీగ గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగ. ముందు 2.4 మి.మీ.ది కట్టాను. గొంతు బరువుగా బాగుంది కానీ పై హార్మోనిక్స్ లెక్క కన్నా హెచ్చుగా పలుకుతున్నాయి. కారణం తీగ గట్టిదనం. అదే పొడవు, అదే శ్రుతి అయితే ఈ దోషం తీగ వ్యాసం వర్గంతో పాటు పెరుగుతుంది. 2.4 నుంచి 2 మి.మీ.కు దిగితే దోషంలో దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. 2 మి.మీ. తీగ కట్టాక తేడా చెవికే తెలిసింది. పై స్వరాలు కమానుకు సులువుగా అందుతున్నాయి కూడా. నైలాన్ సాగుతుంది కాబట్టి శ్రుతి నిలవడానికి కొన్నాళ్లు పడుతుంది. రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బిరడ తిప్పుతున్నాను.

కమాను వెదురుబద్దతో. వంచి, పాత ఫిడేలు కమాన్ల నుంచి తీసిన గుర్రపు వెంట్రుకల్ని కట్టగట్టి బిగించాను. పొట్టిగా, కాస్త బరువుగా ఉండాలి. ఇంత లావు తీగను తేలిక కమాను కదిలించలేదు.

శుక్రవారం

ఇక బ్రిడ్జి. ఈ డైరీలో ఎక్కువ చోటు దీనికే ఇస్తాను, వాద్యం అంతా ఇక్కడే ఉంది.

ఆకారం అసమానంగా ఉంటుంది. తీగ కింద నేరుగా లావుపాటి గట్టికాలు. దాని భుజం నుంచి ఎడమకు 5 సెం.మీ. పొడవున సన్నటి చెయ్యి, ఆ చేతి చివర కిందికి దిగిన చిన్న కాలు. చెయ్యి మరీ లావైతే కదలదు, మరీ సన్నగా ఉంటే తనకు తోచినట్టు ఊగుతుంది. టేకుతో ఒకటి, రోజ్‌వుడ్‌తో ఒకటి చేశాను. టేకుది తేలిక, త్వరగా స్పందించింది. అదే ఉంచాను.

ముందు ఉత్త చెక్క కాలు, ఉత్త పైన్ పలక. శబ్దం వచ్చింది కానీ గొంతు పట్టేసినట్టు, మెత్తగా. పైన్ మెత్తని చెక్క, కాలు కొట్టిన దెబ్బను మింగేస్తుంది. పాత వాద్యాల్లో ఆ చోట దంతం లాంటి గట్టి పదార్థం పెట్టేవారు. నేను ఇత్తడి రేకు ముక్క అంటించి చూశాను. పెద్దగా మోగింది, కానీ ఆ మోతలో ఇనుప డబ్బా కొట్టినట్టు కర్కశం. తర్వాత కొబ్బరిచిప్పలోంచి వేలిగోరంత ముక్క కోసి, చదునుగా రుద్ది, మెరుగు పెట్టి పలక మీద అంటించాను. కాలి కొసకు కూడా అదే చిప్ప. కమాను వేయగానే గది మారిపోయింది. ఇత్తడి, కానీ చెక్కలోంచి వస్తున్న ఇత్తడి. నాకు ఒళ్లు జలదరించింది.

కాలు ఎంత తాకాలన్నది పరీక్షించే పద్ధతి: కాలి కింద మామూలు రాత కాగితం ముక్క, అంటే దాదాపు 0.1 మి.మీ. మందం, దూర్చి లాగాలి. ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తే కాలు గాలిలో ఉన్నట్టు. గట్టిగా గీస్తే తప్ప మోగదు. చిరిగేంత పట్టేస్తే బరువు ఎక్కువ, జిర్రు పుట్టదు. కాగితం కాస్త ఒరుసుకుంటూ వచ్చే చోట నాదం విచ్చుకుంటుంది. ఆకురాయితో ఒక్క గీటు, కమాను, కాగితం. మళ్లీ గీటు. సాయంత్రమంతా ఇదే పని, విసుగు అన్నదే లేదు.

తంబురా శ్రుతి చేసినవాళ్లకు ఈ పని కొత్త కాదు. బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు పెట్టి, వెంట్రుకవాసి జరుపుతూ జీవ, అంటే ఆ జుమ్మనే నాదం, పలికిస్తారే, అదీ ఇదీ ఒకే జాతి పని. తీగకు బ్రిడ్జి నిలకడైన హద్దుగా ఉండకుండా, ప్రతి ఊపులోనూ తాకుతూ వదులుతూ ఉంటే పై హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. 1921లో సి.వి. రామన్ తంబురా, వీణల బ్రిడ్జి గురించి రాస్తూ ఇదే చూపించారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఏ హార్మోనిక్ రాకూడదని సిద్ధాంతం చెబుతుందో, ఆ హార్మోనిక్ కూడా ఈ వాద్యాల్లో స్పష్టంగా వినిపిస్తుందని గమనించారు. వంపు తిరిగిన వెడల్పు బ్రిడ్జి, దాని మీద ఒరుసుకునే తీగ అందుకు కారణం. తంబురాలో తీగ బ్రిడ్జిని ఒరుసుకుంటుంది, ఇక్కడ బ్రిడ్జే పలకను కొడుతుంది. ఎక్కడెక్కడివాళ్లో విడివిడిగా ఒకే నాదాన్ని కోరుకున్నారు, చెరో దారిలో చేరుకున్నారు.

ఆదివారం

స్వరస్థానాలు గుర్తు పెట్టాను. తీగను ఎన్ని సమభాగాలు చేస్తే అన్నో హార్మోనిక్. 150 సెం.మీ.ను 8తో భాగిస్తే 18.75. మేరువు (మెడ పైకొసన తీగ ఆనుకునే బద్ద) నుంచి అంత దూరంలో బొటనవేలు ఆనిస్తే 8వ హార్మోనిక్ పలుకుతుంది. 9వది 16.7 దగ్గర, 10వది 15, 12వది 12.5, 15వది 10, 16వది 9.4. కమాను వేలికీ మేరువుకూ మధ్య గీయాలి. ఫిడేలులో కమాను బ్రిడ్జి వైపు ఉంటుంది, ఇక్కడ తలకిందులు. పైస్థాయిలో 15కీ 16కీ మధ్య దూరం 6 మి.మీ. మాత్రమే, బొటనవేలి వెడల్పులో మూడోవంతు కూడా లేదు. అందుకని వేలి మెత్తని భాగం కాకుండా, గోరు పక్కనున్న అంచుతో తాకడం అలవాటు చేసుకుంటున్నాను.

ఖాళీ తీగ పాశ్చాత్యుల సి స్వరం, అంటే ఒకటో శ్రుతి షడ్జమానికి రెండు స్థాయిలు కింద. 4వ హార్మోనిక్ మధ్యస్థాయి స. 5 అంతర గాంధారం, 6 పంచమం, 8 తార షడ్జమం. అక్కడి నుంచి నిచ్చెన మెట్లు దగ్గరవుతాయి: 9 చతుశ్రుతి రిషభం, 10 అంతర గాంధారం, 12 పంచమం, 15 కాకలి నిషాదం, 16 అతితార షడ్జమం.

11, 13, 14ను కావాలనే వదిలాను, వాటి కథ వేరు. 11వది షడ్జమం నుంచి 551 సెంట్లు (ఒక స్థాయికి 1200 సెంట్లు). శుద్ధ మధ్యమం 498, ప్రతి మధ్యమం 590 దగ్గర. అంటే రెండింటికీ దాదాపు నడుమ. 13వది 841 సెంట్లు, శుద్ధ దైవతానికి ఎగువ, చతుశ్రుతి దైవతానికి దిగువ. 7, 14 కైశికి నిషాదం దరిదాపుల్లో ఉన్నా కాస్త తగ్గు. ఫిడేలు వాయించే పక్కింటి అక్క వచ్చి కాసేపు విన్నారు. 11వ స్వరం దగ్గర చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆగు తమ్ముడూ, ఏ మధ్యమం ఇది? శుద్ధమా, ప్రతిమధ్యమమా?"

"రెండూ కాదక్కా. తీగలో ఉన్నది అదే."

"అయితే దాన్ని ముట్టుకోకు. దాన్నీ, ఆ దైవతాన్నీ వదిలేసి ఒకసారి పైదాకా వెళ్లు."

వెళ్లాను. స రి గ ప ని స. ఆవిడ నవ్వి, "హంసధ్వని" అన్నారు.

అప్పటినుంచి ఇదే ఆలోచన. హంసధ్వని ధీరశంకరాభరణం నుంచి పుట్టిన రాగం. మధ్యమం, దైవతం అందులో ఉండవు. ఒంటి తీగ సహజంగా పలికే వరసలో మన స్వరస్థానాలకు పొసగనివి సరిగ్గా ఆ మధ్యమ, దైవతాలే, వాటితోపాటు ఈ రాగానికి అక్కర్లేని కైశికి నిషాదం. ఉండాల్సినవన్నీ స్వచ్ఛమైన నిష్పత్తుల్లో ఉన్నాయి: రి 9/8, గ 5/4, ప 3/2, ని 15/8. రామస్వామి దీక్షితులు ఈ రాగాన్ని కట్టినప్పుడు హార్మోనిక్స్ లెక్క వేసుకున్నారని నేను అనను. కానీ ఈ రాగం చెవికి ఇంత సులువుగా, ఇంత వెలుగుగా ఎందుకు తాకుతుందో ఈ వాద్యం ముందు కూర్చుంటే తెలుస్తోంది. అందులోని ప్రతి స్వరం షడ్జమం కడుపులోనే ఉంది. తంబురా మోగుతున్నప్పుడు పైన పలచగా వినిపించేవీ ఇవే.

గమకం మాత్రం లేదు. హార్మోనిక్ ఉన్నచోటే ఉంటుంది, వేలు జరిపితే స్వరం జారదు, ఆగిపోతుంది. కాబట్టి రాగాలాపన దీనిమీద కుదరదు, ఒప్పుకోవాలి. వరసలు, చిన్న చిన్న స్వరగుచ్ఛాలు, కొమ్ము పిలుపుల్లాంటి పలుకులు కుదురుతాయి. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు, అంటే పాశ్చాత్య బాణీల్లో కట్టిన పాటలు, గమకం లేనివే కదా, వాయించాలని ఉంది. కానీ వాటిలో మ, ద అడ్డొస్తాయి.

మంగళవారం

రాత్రంతా వాన. పొద్దున కమాను వేస్తే జిర్రు లేదు, ఉత్త తీగ గొంతు. పైపలక తేమ పీల్చి కాస్త ఉబ్బింది, కదిలే కాలు నొక్కుకుపోయింది. కాగితం దూరనే లేదు. మధ్యాహ్నం ఎండ కాశాక దానంతటదే తిరిగి పలికింది.

వాతావరణం మారినప్పుడల్లా బ్రిడ్జిని ఆకురాయితో అరగదీస్తే కొన్నాళ్లకు బ్రిడ్జే మిగలదు. పాతవాళ్ల ఉపాయం వాడాను: సన్నటి రెండో తీగ, ప్రధాన తీగను పక్కకు లాగడానికి. దాని కొస బుర్ర దగ్గరి చిన్న బిరడకు చుట్టి ఉంటుంది. బిరడ బిగిస్తే తీగ పక్కకు ఒరిగి, దాంతోపాటు బ్రిడ్జి వెంట్రుకవాసి వాలుతుంది, కదిలే కాలి మీది బరువు మారుతుంది. వాయిస్తూనే సర్దుకోవచ్చు. నేను చేపలు పట్టే నైలాన్ దారం వాడాను. జిర్రును పూర్తిగా ఆపేయవచ్చు, కొంచెంగా తెరవచ్చు, బాకాలా విప్పేయవచ్చు. వాద్యానికి ఇది రెండో గొంతు ఇచ్చినట్టయింది. నెమ్మదిగా సగం మూసి వాయించే 5, 6, 8 స్వరాలు నాకు అన్నిటికన్నా నచ్చాయి.

శనివారం

మెరుగు. పైపలకకు షెల్లాక్ (లక్కతో చేసే మెరుగు) పలచగా, రెండు పూతలు. మందంగా పూస్తే పలక బరువెక్కి గొంతు తగ్గుతుంది. టేకుకు నూనె తుడుపు చాలు. ప్యాలెట్ మేకుల బెజ్జాలు రెండు పైపలక అంచున నల్లగా కనిపిస్తున్నాయి. వాటిని పూడ్చాను గానీ రంగు కలపలేదు, ఈ చెక్క ఎక్కడినుంచి వచ్చిందో కనబడనీ.

ఇక మిగిలింది అనునాద తీగలు. 18వ శతాబ్దపు కొన్ని ట్రోంబా మరీనాలలో పెట్టె లోపల ఇలాంటి తీగలు బిగించేవారు. కమాను తాకదు, బయటి తీగ పలికినప్పుడు అవి వాటంతటవే మోగుతాయి. అడుగు తెరిచే ఉంది కాబట్టి చెయ్యి లోపలికి వెళుతుంది. స, గ, ప మూడు తీగలు అనుకుంటున్నాను, 0.2 మి.మీ. ఉక్కుతీగ. మధ్యస్థాయి స 90 సెం.మీ. పొడవులో కుదురుతుంది. ప కూడా అంతే పొడవు పెడితే శ్రుతికి చేరకముందే తెగుతుంది, 60 సెం.మీ.కు కుదించాలి. గ 72 దగ్గర. ఒక్కోటీ 5 కిలోల పైచిలుకు లాగుతుంది, మూడూ కలిస్తే బయటి తీగనే మించుతాయి. ఆ లాగుడు పైపలక మీద పడకుండా, తీగల రెండు కొసలూ వెనక మూలలోని త్రికోణపు బద్దకే బిగించాలి. ముందు స ఒక్కటి కట్టి, బయట 8, 16 పలికించి లోపలిది ఎంత మోగుతుందో విన్నాకే మిగతా రెండింటి బెజ్జాలు వేస్తాను.